గుంతలు తవ్వే పని

మీలో ఎవరికైనా జెండా కట్టడం వచ్చునా? ఎగరేసేది కాదు నేనడిగేది. తెల్ల చొక్కా వేసుకోని తాడు లాగేది ఎవరైనా చేస్తారు. కట్టడం వేరే. బట్టను మడిచి, లోపల పూల రేకులు పెట్టి, చుట్టి, కొయ్య పైన గాలికి ఊడకుండా బిగువుగా ఉండాల, కింద నుంచి లాగితే ఒక్క పట్టున విచ్చుకునేటంత వదులుగానూ ఉండాల. రెండూ ఒకే ముడిలో రావాల. ధర్మపురి డిపోలో నేను కండక్టరుగా ఉన్న కాలంలో ఆ ముడి ఒక్క మనిషికే వచ్చు. ఆయనను ఆ ముడి దగ్గరికి రావద్దన్న సంవత్సరం ఒకటి వచ్చింది. ఆ కథే ఇది.

ముందే చెప్పేస్తా, నా తెలుగు చూసి నవ్వుకోవద్దండి. మా ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. బడిలో చదివింది అరవమే, ముప్పై ఏండ్లు టికెట్ కొట్టింది అరవంలోనే. తెలుగు అక్షరాలు రిటైరైన తర్వాత హోసూరులో మా బావ దగ్గర కూర్చోని నేర్చుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లోళ్ళు కొందరు మా తెలుగువాళ్ళలో ఉండారు. వాళ్ళ కోసమే ఇది రాస్తుండా. చదవడం రానోళ్ళకు మీరు చదివి వినిపించండి.

ఆ మనిషి మా డ్రైవరు, ఆయనా మన తెలుగువాడే. పటాలంలో బండి తోలి, అక్కడ పని ముగించుకోని వచ్చి మా డిపోలో చేరినాడు. అందరూ ఆయనను మిలిటరీ అనే పిలిచేవాళ్ళు, నేను అన్నా అనేవాణ్ణి. నాలుగేండ్లు మాదొక జోడీ. ధర్మపురి నుంచి పెన్నాగరం మీదుగా హొగేనకల్, మళ్ళా వెనక్కి. పొద్దున బండి ఎక్కే ముందు కట్టె పట్టుకోని ప్రతి టైరునూ కొట్టి చప్పుడు వినేవాడు. బూట్లు అద్దంలాగా ఉండేవి. నేను రెండు విజిల్ వేయకపోతే ఎవడు కాళ్ళ మీద పడినా బండి కదిపేవాడు కాదు. మాట తక్కువ. ఒకసారి చెప్పినాడంటే దాన్ని మళ్ళీ వెనక్కి తీసుకునేవాడు కాదు. ఈ రెండో గుణమే ఆయన ప్రాణం మీదకు తెచ్చింది.

ఢిల్లీలో పార్లమెంటు మీద దాడి జరిగిన చలికాలం అది. సరిహద్దుకు సైన్యం రైళ్ళు రైళ్ళుగా పోతుండాదని రోజూ వార్తల్లో చెప్పేవాళ్ళు. యుద్ధం ఈ వారమా వచ్చే వారమా అన్నట్టే ఉండేది. ధర్మపురికీ ఆ సరిహద్దుకూ ఎంత దూరమో మీకు తెలుసు. అయినా మా టీ బంకులో రోజుకొక యుద్ధం జరిగేది. ఎవరు ఏ పక్కన బాంబు వేయాలో గాజు గ్లాసులు పెట్టి చూపించేవాళ్ళు. నేనూ ఒక గ్లాసు జరిపినవాణ్ణే. ఇంట్లోకి వచ్చి కొట్టినోణ్ణి వాని ఇంటికి పోయి కొట్టాలనేది నా మాట. ఆ మాట ఈనాటికీ నేను పూర్తిగా విడిచిపెట్టలేదు, అది వేరే సంగతి.

సంఘం వాళ్ళు డిపో గేటు దగ్గర మీటింగ్ పెట్టినారు. మా సంఘానికి కార్యదర్శి వర్క్‌షాపులో ఫిట్టరు. మంచి గొంతు, మైకు లేకపోయినా బస్టాండు దాకా వినిపిస్తాది. దేశం కోసం ప్రాణమిస్తామని, ఒక్క దెబ్బతో తేల్చేయాలని మాట్లాడి, చప్పట్లు పడిన తర్వాత, "మన మిలిటరీ రెండు మాటలు చెప్పాల" అని ఆయనను ముందుకు తోసినాడు. పటాలంలో పని చేసినోడు మాట్లాడితే మీటింగుకు నిండుదనం వస్తాదని అనుకున్నాడు పాపం.

అన్న టోపీ సరిచేసుకోని నిలబడినాడు. అరవంలోనే చెప్పినాడు, నేను మన మాటలో చెప్తా. "నేను అక్కడ లారీ తోలినాను. పోయేటప్పుడు మనుషుల్ని తోలినాను, వచ్చేటప్పుడు పెట్టెలు తోలినాను. పోయేటప్పుడు పాటలు పాడతారు. వచ్చేటప్పుడు ఇంజను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. యుద్ధం కావాలనేవాళ్ళు ఆ తిరుగు ప్రయాణం ఒకసారి వచ్చి చూసి అడగండి. నాకైతే వద్దు." అంతే, దిగిపోయినాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ తిట్టనూ లేదు, ఆ నిమిషానికి. తిట్లు మరుసటి రోజు నుంచి మొదలైనాయి. వెనకాల మొదలై, వారంలో ముందరికే వచ్చినాయి. విశ్రాంతి గదిలో ఆయన పక్కన పరుపు వేసుకునేవాళ్ళు పక్కకు జరిగినారు. బండి అద్దం మీద ఎవరో బొగ్గుతో ద్రోహి అని రాసినారు. ఆయన తడిగుడ్డతో తుడిచి, ఎప్పటిలాగా టైర్లు కొట్టుకుంటా పోయినాడు. ఒక రోజు మఫ్తీలో ఉన్న మనిషొకడు టైమ్ కీపరు దగ్గర కూర్చోని, గేటు దగ్గర ఎవరేమి మాట్లాడినారని విచారించినాడు. ఉగ్రవాదుల మీద కొత్త చట్టం వచ్చిందని, దాని కింద లోపల వేస్తే బెయిలు కూడా రాదని అందరూ గుసగుసలాడేవాళ్ళు. ఆ చట్టంలో ఏముండాదో మాలో ఒక్కడికీ తెలియదు. తెలియదు కాబట్టే ఇంకా ఎక్కువ భయం.

మా ఇంటామె ఒకటే పోరు. "ఆయనతో డ్యూటీ మార్చుకో. ఆయన కోసం వచ్చినోళ్ళు నిన్ను విడిచిపెడతారా?" అని. మార్చుకోవాలని నాకూ ఉండింది. కానీ అడిగితే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెప్తే ఆయన మీద ఇంకొక మాట పడతాది. అందుకే నోరు మూసుకోని ఎక్కేవాణ్ణి.

హొగేనకల్‌లో బండి నిలిపి, చేపలు వేయించే అంగడి పక్కన టీ తాగేటప్పుడు మా ఇద్దరికీ రోజూ గొడవే. "అన్నా, వాళ్ళు మన గుండెకాయలోకి వచ్చి కాల్చినారు. మనం చేతులు కట్టుకోని కూర్చోవాల్నా?" అని నేను.

"చేతులు కట్టుకోమని నేను చెప్పలే."

"మరి?"

"ఎవని కొడుకు పోవాల్నో వాని పేరు చెప్పి యుద్ధం అడుగు అంటాండా. ఉత్తగా యుద్ధం కావాలంటే ఎట్ల?"

"అట్ల పేరు చెప్పాలంటే ఈ లోకంలో ఏ యుద్ధమూ జరగదు."

"నేను చెప్పేదీ అదేలే," అని గ్లాసు కడిగి పెట్టేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. కోపం ఉన్నా, ఇంత దానికి ఆయనను పట్టుకోని ద్రోహి అనేవాళ్ళను చూస్తే ఇంకా మండేది. ఈ రెండు మంటలూ ఒకే కడుపులో పెట్టుకోని తిరిగినాను ఆ చలికాలమంతా.

గణతంత్ర దినం వచ్చింది. ప్రతి సంవత్సరం ముందు రోజు సాయంత్రం అన్న జెండా కట్టేవాడు. ఈసారి ఫిట్టరు అడ్డం నిలబడినాడు. "దేశం వద్దన్నోడు జెండా ముట్టుకోకూడదు," అన్నాడు. "నేను దేశం వద్దనలే, యుద్ధం వద్దన్నాను," అన్నాడు అన్న. "రెండూ ఒకటే," అన్నాడు ఫిట్టరు. అక్కడున్నోళ్ళందరూ బూట్ల వైపు చూసుకున్నారు, నాతో కలిపి. అన్న ఇంకేమీ అనకుండా పక్కకు తప్పుకోని, సైకిలు తీసుకోని ఇంటికి పోయినాడు. ఆ తర్వాత ఫిట్టరే జెండా కట్టినాడు. నేను టికెట్ బ్యాగు అప్పజెప్పడానికి నిలబడి చూస్తానే ఉన్నాను. పని తెలిసిన చేతులే ఆయనవి, కానీ ఆ పని తెలిసినవి కావు. లారీ మీద టార్పాలిన్ కట్టినట్ల కట్టినాడు. ఆ ముడి లాగేకొద్దీ బిగుసుకుంటాది.

పొద్దున బ్రాంచ్ మేనేజరు తాడు లాగినాడు. రాలేదు. మళ్ళా లాగినాడు. పైన జెండా ఉండలాగా చుట్టుకోని అట్లనే ఉండింది. వరసల్లో నిలబడినోళ్ళందరమూ తలెత్తి చూస్తుంటిమి. పిల్లలను తీసుకోని వచ్చినోళ్ళూ ఉండారు. ఎవరో "గట్టిగా లాగండి సార్" అన్నారు. అన్న మా వరసలోనే సావధాన్‌లో నిలబడి, చేతులు కదపకుండా, "లాగొద్దు సార్, వదలండి, పై తాడు వదలండి," అన్నాడు. ఎవరూ వినలేదు. ఫిట్టరు పోయి వేలాడినంత పని చేసినాడు. ఉండ జారి సగం కొయ్యకు వచ్చి ఆగిపోయింది. సగం కొయ్య మీద జెండా ఎప్పుడుంటాదో మీకు చెప్పాల్సిన పని లేదు. అక్కడున్న ఆడవాళ్ళలో ఒకామె "అయ్యో, ఇదేం శకునం" అన్నాది. ఆ మాట చలిగాలి లాగా అందరి మీదా పోయింది. యుద్ధం రాబోతున్న దినాల్లో సగం కొయ్య మీద ఆగిన జెండా అంటే భయపడకుండా ఉండేదెవరు?

మేనేజరు ముఖం చెమటతో తడిసిపోయింది. "మిలిటరీ, నువ్వు చూడు," అన్నాడు. అన్న ముందుకు పోయినాడు, కిందికి దించినాడు, పండ్లతో ముడి పట్టి విప్పినాడు, మడిచినాడు, కట్టినాడు, ఎక్కించినాడు. మేనేజరు వేలితో ముట్టుకున్నట్ల లాగితే జెండా విచ్చుకుంది, పూలు పడినాయి. అందరమూ చప్పట్లు కొట్టినాము. నిజం చెప్తుండా, నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

అయిపోయిందనుకున్నాను. అక్కడే మొదలైంది. ఫిట్టరు అవమానంతో నల్లబడిపోయి నిలబడి ఉండినాడు. "చూసినారా," అన్నాడు, "ఎవరికీ రాని ముడి ఆయనకు ఒక్క నిమిషంలో ఎట్ల వచ్చింది? రాత్రి వచ్చి ముడి మార్చి పోయినాడు. తాను బిగించినాడు కాబట్టే తాను విప్పినాడు." అంత పిచ్చి మాట ఇంకొక రోజైతే ఎవరూ లెక్క చేసేవాళ్ళు కాదు. ఆ రోజు చేసినారు. మనిషి పనితనమే ఆయన నేరానికి సాక్ష్యమైపోయింది. నేను "నువ్వే కట్టినావు కదప్పా, నేను చూసినాను," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, ఇంక వాళ్ళకేం వినిపిస్తాది.

బండికి టైమయింది. సెలవు దినం, హొగేనకల్ పోయేవాళ్ళు సీట్ల నిండా ఉండారు. పిల్లలు, ఆ రోజు చేలల్లో పని లేని ఆడవాళ్ళు, కొత్త జంటలు. నేను రెండు విజిల్ వేసినాను. గేటు దాటేటప్పుడు చూస్తే ఫిట్టరు బయట ఎస్టీడీ బూత్‌లో ఫోను పట్టుకోని ఉండినాడు. ఎవరికి చేస్తున్నాడో నాకు తెలియదు. ఇంటికే చేసినాడేమో.

ఇక్కడ ఒక మాట చెప్పాల. దానికి రెండేండ్ల ముందే మా ఊరి పక్కన ఒక గుంపు బస్సుకు నిప్పు పెట్టింది, దాంట్లో ఉన్న చదువుకునే పిల్లలకు ఏమైందో ఆ కాలపు వాళ్ళందరికీ తెలుసు. దాని గురించి నేను రాయను, రాయలేను. ఆ తర్వాత మా డిపోలో ఎవరూ చెప్పకుండానే ఒక అలవాటు పుట్టింది. దారిలో గుంపు కనిపిస్తే డ్రైవరు ముందు బండి దూరంగానే ఆపాల, కండక్టరు ముందూ వెనకా తలుపులు తీసి పెట్టాల. మాట్లాడేది తర్వాత. ఏ రూల్ పుస్తకంలోనూ లేదు అది. మేము ఒకరికొకరు నేర్పుకున్నది.

రెండు మూడు స్టాపులు బాగానే ఉండినాయి. తర్వాత ఒక స్టాపులో ఎక్కిన మనిషి డ్రైవరు సీటు వైపు తొంగి చూసి, పక్కనోనితో "ఈయనేనా?" అన్నాడు. ఇంకొక ఊర్లో అంగడి ముందు కూర్చున్నోళ్ళు లేచి నిలబడి బండినే చూసినారు. మాట మా కంటే ముందే పోతా ఉండాది. ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లుండాయి, ఒక అబద్ధం ఎంత వేగంగా పోతాదో మీకు తెలుసు. అప్పుడు ఫోన్లు తక్కువే, అబద్ధానికి మాత్రం వేగం తక్కువ లేదు. నేను ముందుకు పోయి, "అన్నా, వెనక్కి తిప్పేస్తామా?" అన్నాను. "జనాలు టికెట్ తీసుకున్నారు కదప్పా," అన్నాడు. అద్దంలో ఆయన ముఖం చూసినాను. భయపడలేదని చెప్పలేను.

పెన్నాగరానికి ఇవతల మలుపు తిరిగినాము. దారికి అడ్డంగా తాటి మొద్దు. దాని వెనకాల గుంపు. పొద్దున జెండా ఎగరేసిన చోటే, పేపరు జెండాలు దారాలకు ఇంకా ఊగుతానే ఉండాయి. కొందరి చేతుల్లో రాళ్ళు. ఒకడి చేతిలో పచ్చ రంగు ప్లాస్టిక్ క్యాను. ఆ క్యానులో ఏముండిందో నాకు ఈనాటికీ తెలియదు. మజ్జిగే ఉండిందేమో, జెండా పండగకు మజ్జిగ పోస్తారు కదా. ఆ నిమిషంలో మాత్రం బండిలో ఉన్న ఒక్క మనిషికీ మజ్జిగ గుర్తు రాలేదు.

అన్న దూరంగానే బ్రేకు కొట్టినాడు. నేను రెండు తలుపులూ తీసినాను. "దిగండి, అందరూ దిగండి, చేను వైపు నడవండి, పరిగెత్తొద్దు," అని అరిచినాను. పరిగెత్తొద్దంటే ఎవరు వింటారు. ఒక ఆమె చంకలో బిడ్డతో మెట్ల మీద జారింది, ఎత్తి దించినాను. చెప్పులు బండిలోనే మిగిలిపోయినాయి. బండి ఖాళీ అయ్యేదాకా అన్న స్టీరింగు మీద చెయ్యి తీయలేదు. అయిన తర్వాత ఇంజను ఆపి తాళం నా చేతిలో పెట్టినాడు. "నువ్వు ఈడే ఉండు," అని దిగి, గుంపు వైపు నడిచినాడు.

నేను ఉండలేదు. ధైర్యంతో కాదు. అంత పెద్ద ఖాళీ బండి పక్కన ఒక్కణ్ణే నిలబడాలంటే ఇంకా భయమేసింది. ఆయన వెనకాలే పోయినాను.

"జెండాను సగం కొయ్య మీద నిలిపినోడివి నువ్వేనా?" అని ఒకడు. ఇంకొకడు ఆయన చొక్కా పట్టినాడు. "భారత మాతాకీ జే చెప్పు." అన్న చెప్పినాడు. కవాతు మైదానంలో చెప్పినట్ల, కొండ మారుమోగేటట్ల చెప్పినాడు. చొక్కా పట్టినోడు ఉలిక్కిపడి వదిలేసినాడు. కొందరు తమకు తెలియకుండానే బదులు కూడా పలికినారు. అక్కడితో ఆగిపోతే బాగుండు. "ఇప్పుడు యుద్ధం కావాలని చెప్పు," అన్నారు.

అన్న నలిగిన చొక్కా సరిచేసుకున్నాడు.

"అన్నా, చెప్పేయ్ అన్నా," అన్నాను నేను, మన మాటలో. "ఒక్క మాటే కదా. ఎవరు వింటారు? చెప్పేయ్, ఇంటికి పోదాం." ఏడుపు గొంతే అది, దాచేదేముంది. ఆయన నా వైపు తిరిగి, "చెప్పలేనప్పా. నాకు ఆ మాట రాదు," అన్నాడు.

మా తెలుగు విని గుంపులో నుంచి ఒక మనిషి ముందుకొచ్చినాడు. యాభై దాటిన రైతు, తలకు తువ్వాలు, చేతిలో గుప్పిట పట్టని రాయి. అంతదాకా అందరికంటే గట్టిగా అరవంలో అరిచినోడు ఆయనే. ఇప్పుడు తెలుగులో మాట్లాడినాడు, గొంతు పూర్తిగా మారిపోయింది.

"మీరు మనోళ్ళేనా? ఏమన్నా, యుద్ధం వద్దంటివంట నువ్వు. నా కొడుకు ఆడ సరిహద్దులో పండుకోనుండాడు. యుద్ధం వద్దైతే, అది ఉత్త పనైతే, నా కొడుకు ఎందుకుండాల ఆడ? చెప్పు. ఎందుకోసం ఉండాడు?" రాయి పట్టిన చెయ్యి పైకి లేచే ఉండింది. ఆ మనిషికి మా మీద కోపం లేదు. నాకు ఉన్న భయమే ఆయనకూ ఉండింది, నా కంటే వెయ్యి రెట్లు.

అన్న ఆ రాయిని చూడలేదు. "ఏ పటాలంలో ఉండాడన్నా మీవాడు?" అన్నాడు.

"ఇంజనీర్ల పటాలమంట."

"ఏం పని ఇచ్చినారంట?"

"పోయిన వారం ఫోన్‌లో చెప్పినాడు. గుంతలు తవ్వే పని అంట. దినమంతా గుంతలేనంట." చెప్తుంటే ఆయన ముఖంలో ఒక చిన్న తేటదనం వచ్చింది. "తవ్వేది మావానికి చిన్నప్పటి నుంచి అలవాటే. మా చేను అంతా రాళ్ళు. వాడు తవ్వినట్ల ఎవరూ తవ్వలేరు. గుంతలు తవ్వే పనంటే తుపాకీ పని కాదు కదన్నా? దానికేం భయం లేదు కదా?"

అన్న టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"గుంతలు తవ్వే పనా?" అన్నాడు. "అయితే భయం లేదన్నా. అది వెనకాల పని. తుపాకులున్నోళ్ళు ముందర ఉంటారు. మీవాడు వెనకాల ఉంటాడు."

"నిజమేనా? నువ్వు చూసినావా?"

"ఆడ ఉండి వచ్చినోణ్ణి కదన్నా. చూసినాను."

ఆ రైతు రాయిని కింద పడేసి, తాటి మొద్దు మీద కూర్చోని తువ్వాలుతో ముఖం మూసుకున్నాడు. ఆయన కూర్చున్న తర్వాత గుంపుకు ఏం చేయాలో తెలియలేదు. క్యాను పట్టుకున్నోడు ఎప్పుడు పోయినాడో చూడలేదు. మొద్దును నలుగురు పట్టి పక్కకు తోసినారు, ఆ రైతు కూడా ఒక చెయ్యి వేసినాడు. చేనులో నుంచి జనాలు ఒక్కొక్కరే వచ్చి చెప్పులు వెతుక్కున్నారు. నేను విజిల్ వేయబోతే నోట్లో తడి లేదు.

హొగేనకల్‌లో టీ గ్లాసు పట్టుకున్న తర్వాత అడిగినాను. "అన్నా, గుంతలు తవ్వే పనంటే ఏమిటి?"

"మందుపాతర," అన్నాడు. "గుంత తవ్వేది దాన్ని పూడ్చడానికి. సైన్యంలో అందరికంటే ముందు పోయేది వాళ్ళే."

నేను గ్లాసు కింద పెట్టేసినాను. "గేటు దగ్గర అంత మంది ముందు నిజం చెప్పినావే. రాయి ఎత్తినా అబద్ధం రాదంటివే. ఇప్పుడు ఎట్ల వచ్చింది?"

"గేటు దగ్గరోళ్ళు యుద్ధం అడిగినారు, దానికి జవాబు చెప్పినాను. ఈయన యుద్ధం అడగలేదప్పా. రాత్రి నిద్రపోయేదానికి ఒక మాట అడిగినాడు." అంతే. ఆ రోజు మేము గొడవ పడలేదు.

డిపోలో విచారణ జరిగింది. మేనేజరు, పైనుంచి వచ్చిన ఒక ఆఫీసరు, ఇద్దరూ కూర్చోని ఒక్కొక్కరినీ పిలిచినారు. ఆయన మీద పోలీసుకు రాయాలా వద్దా అనేదే వాళ్ళ ముందున్న సంగతి. రాస్తే ఉద్యోగమూ పోతాది, మనిషీ పోతాడు. లోపలికి పోయే ముందు ఫిట్టరు నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మా పక్కోడివి కదా," అన్నాడు. "యుద్ధం విషయంలో మీ పక్కే," అన్నాను. లోపల మాత్రం, ముడి వేసింది ఎవరో, ఎట్ల వేసినారో, చూసింది చూసినట్ల చెప్పినాను. యుద్ధం కావాలన్నవాడే మిలిటరీ వైపు చెప్తుండాడు కాబట్టి ఆఫీసరు నమ్మినాడనుకుంటా. కాగితం అక్కడే ఆగిపోయింది. నన్ను కూడా కొన్నాళ్ళు ద్రోహి అన్నారు. అలవాటైపోయింది. చెడ్డ అలవాటేమీ కాదది, కొంచెం ఒంటరిగా ఉంటాది, అంతే.

ఆ తర్వాత ఆ రైతు దినమూ మా బండి టైముకు ఆ మలుపులో నిలబడేవాడు. బండి ఎక్కేవాడు కాదు. డ్రైవరు కిటికీ కింద నిలబడి అడిగేవాడు. "ఏమన్నా, చలి ఎక్కువగా ఉంటాదా ఆడ?" "మంచి కోట్లు ఇస్తారన్నా." "తిండి?" "పూరీలు, పప్పు. మీ ఇంట్లో కంటే బాగా పెడతారు." ఎండాకాలం వచ్చింది, ఆ ప్రశ్న మారింది. "ఎండలో కూడా గుంతలేనంట." "నీళ్ళ బండి పక్కనే ఉంటాదన్నా." అన్న ఒక్కరోజు కూడా తడబడలేదు. నేను మాత్రం ప్రతి రోజూ మలుపు ముందర, ఆ తువ్వాలు కనిపించేదాకా, టికెట్లు కొట్టడం మరిచిపోయేవాణ్ణి. కనిపిస్తే ఊపిరి వచ్చేది. టీ బంకులో గ్లాసులు జరపడం కూడా నాకు తెలియకుండానే ఆగిపోయింది. యుద్ధం తప్పని నేననుకోలేదు. గ్లాసు మీద చెయ్యి పెడితే ఆ తువ్వాలు గుర్తొచ్చేది, అంతే.

వానలు పోయి మళ్ళా చలి మొదలయ్యే కాలానికి సైన్యం వెనక్కి వస్తుండాదని రేడియోలో చెప్పినారు. యుద్ధం లేదు. డిపోలో కొందరికి సంతోషం, కొందరికి నిరాశ. ఫిట్టరు వచ్చి అన్నకు చెయ్యిచ్చి, "సరే, నీ మాటే గెలిచింది," అన్నాడు. అన్న నవ్వినాడు. ఆయన పండ్లు కనిపించేటట్ల నవ్వడం నేను అప్పుడే చూసినాను.

దానికి కొన్ని వారాల తర్వాత ఆ రైతు మలుపులో చేతి సంచితో నిలబడి ఉండినాడు. పక్కన ఆయన భార్య. ఇద్దరూ బండి ఎక్కినారు, మొదటిసారి. ఎక్కడికని అడిగితే, ధర్మపురి పోయి అక్కడ నుంచి రైలు అన్నాడు. ఉత్తరాన మిలిటరీ ఆసుపత్రి ఉన్న ఊరి పేరు చెప్పినాడు, సరిగ్గా పలకలేకపోయినాడు. పూడ్చిన గుంతలు మళ్ళీ తవ్వి మందుపాతరలు తీయమన్నారంట కొడుకును. తీస్తుంటే ఒకటి పేలిందంట. మోకాలి కింద నుంచి కాలు పోయిందంట.

ఆయన సీటులో కూర్చోలేదు. ముందుకు వచ్చి, ఎప్పటిలాగానే డ్రైవరు పక్కన నిలబడినాడు. ఏడవలేదు. తెలియని సంగతి అడిగి తెలుసుకునే మనిషిలాగా అడిగినాడు.

"అన్నా, యుద్ధం జరగలేదంటాండారు కదా. రేడియోలో కూడా చెప్పినారు. మరి నా కొడుకు కాలు ఎందులో పోయిందని ఊర్లో అడుగుతాండారు. నేనేమని చెప్పాల?"

అన్న రోడ్డునే చూస్తుండినాడు. తర్వాత ఆ మనిషి నా వైపు తిరిగినాడు, నేనైనా చెప్తానేమోనని. యుద్ధం వద్దన్నోడూ కావాలన్నోడూ ఇద్దరమూ ఆ బండిలోనే ఉండినాము. నేను ధర్మపురికి రెండు టికెట్లు కొట్టి ఆయన చేతిలో పెట్టినాను.